వైడ్ లెన్స్ అంచుల్లో రంగు చెడితే: ప్లేటా, లెన్సా, సెన్సరా?

తెల్ల సున్నం వేసిన గోడని టెక్నికల్ కెమెరా (లెన్స్‌నీ సెన్సర్‌నీ విడివిడిగా జరపగలిగేది) మీద 35 మి.మీ. లెన్స్‌తో, పక్కకి 12 మి.మీ. షిఫ్ట్ చేసి, అంటే లెన్స్‌ని సెన్సర్ మధ్య నుంచి అంత జరిపి, తీయండి. ఫైల్ తెరవగానే ఒక అంచు ఆకుపచ్చగా, రెండో అంచు మెజెంటాగా, మూలలు చీకటిగా కనిపిస్తాయి. వైట్ బ్యాలెన్స్ ఎటు జరిపినా ఒక పక్క బాగుపడుతుంది, రెండో పక్క ఇంకా చెడుతుంది. దీనికి మందులు చాలానే ఉన్నాయి. కొన్ని వందల రూపాయల పాలరంగు యాక్రిలిక్ ముక్క, అంటే ప్లేటు, ఒక కొస, లక్షల్లో పలికే డిజిటల్ బ్యాక్ (కెమెరా వెనక తగిలించే సెన్సర్ పెట్టె) ఇంకో కొస. ప్లేటుని లెన్స్ ముందు పెట్టి ఒక ఫ్రేము తీస్తే, అసలు ఫొటోని దానితో భాగించి సాఫ్ట్‌వేర్ అంచుల్ని సరిచేస్తుంది; ఈ దిద్దుబాటే ఎల్‌సీసీ. ఏది కొనాలో తేల్చుకునే ముందు తెలుసుకోవాల్సింది ఒకటే: మీ ఫ్రేములో చెడింది భాగహారంతో తిరిగొచ్చేదా, రానిదా? వచ్చేదైతే ప్లేటు చాలు. రానిదైతే ఎంత మంచి సాఫ్ట్‌వేర్ పెట్టినా దండగే.

అంచుల్లో జరిగేది ఒకటి కాదు, మూడు

మొదటిది వెలుగు తగ్గడం. సిమెట్రికల్ డిజైన్ (ముందూ వెనకా గాజులు ఒకేలా అమరిన) వైడ్ లెన్స్‌లో వెలుగు కోణం కొసైన్ నాలుగో ఘాతం ప్రకారం పడిపోతుంది. 53.4 × 40 మి.మీ. సెన్సర్ మీద 35 మి.మీ. లెన్స్‌ని షిఫ్ట్ లేకుండా పెడితే, మూల మధ్య నుంచి 33.4 మి.మీ. దూరంలో ఉంటుంది. అక్కడ కోణం దాదాపు 44 డిగ్రీలు, నష్టం 1.9 స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుగు సగమవడం). పొడవు వైపు 12 మి.మీ. షిఫ్ట్ చేస్తే దూరపు మూల 43.6 మి.మీ.కి పోతుంది, కోణం 51 డిగ్రీలు దాటుతుంది, నష్టం 2.7 స్టాపులు. అదే సెన్సర్ మీద 50 మి.మీ. లెన్స్‌కి షిఫ్ట్ లేనప్పుడు పోయేది ఒక స్టాపే. వైడ్ అయ్యేకొద్దీ ఈ గోల ఎందుకు పెరుగుతుందో ఈ మూడు అంకెల్లోనే తెలిసిపోతుంది.

రెండోది రంగు ఛాయ. వెలుగు బాగా ఏటవాలుగా వచ్చినప్పుడు ఒక పిక్సెల్ మీది ఆకుపచ్చ ఫిల్టర్ గుండా దూరి, పక్కనున్న ఎరుపు పిక్సెల్ గుంతలో పడుతుంది. పిక్సెల్ లోపలి నిర్మాణం కుడి ఎడమలకు అచ్చం ఒకేలా ఉండదు. అందుకే రెండు అంచులకీ రెండు రంగులు వస్తాయి.

మూడోది ఇలా వెలుగు పక్క పిక్సెల్‌లోకి కారడం వల్లే వచ్చే నష్టం. చాలామంది పట్టించుకోనిదీ, అసలు ప్రమాదకరమైనదీ ఇదే. రంగుల గాఢత పోతుంది. చిన్న లెక్క వేసి చూద్దాం. మధ్యలో ఇటుక రంగు ఎరుపు 60, ఆకుపచ్చ 20 అనుకోండి, తెల్లది 100, 100. అంచులో ప్రతి పిక్సెల్ తన వెలుగులో 15 శాతం పక్కదానికి ఇచ్చి, అంతే శాతం పక్కదాని నుంచి తీసుకుంటోందనుకుందాం. ఎరుపు పిక్సెల్‌కి 60లో 85 శాతం, 20లో 15 శాతం కలిపి 54 వస్తుంది. ఆకుపచ్చ పిక్సెల్‌కి 26 వస్తుంది. మూడింతలున్న తేడా రెండింతల పైచిలుకుకి దిగిపోయింది. మరి తెల్ల ప్లేటు సంగతి? దానికి రెండూ 100, 100గానే ఉంటాయి. అంటే ప్లేటు ఫ్రేముతో భాగిస్తే ఏ మార్పూ రాదు. గోడ తెల్లగా కనిపిస్తుంది, దాని పక్కనే ఉన్న ఇటుక మాత్రం వెలిసిపోయినట్టు ఉంటుంది. కారడం ఇంకా ముదిరితే ఎరుపు వరుసలోని ఆకుపచ్చ పిక్సెళ్లకీ నీలం వరుసలోని ఆకుపచ్చ పిక్సెళ్లకీ మధ్య తేడా వచ్చి, 200 శాతం జూమ్‌లో అల్లిక లాంటి గజిబిజి గీతలు కనిపిస్తాయి.

మొదటి రెండింటినీ ప్లేటు ఫ్రేము సరిచేస్తుంది. మూడోదాన్ని సరిచేయలేదు. కొనుగోలు నిర్ణయమంతా ఈ గీత మీదే నిలబడుతుంది.

ఖర్చు పెట్టే ముందు ఒక పూట పరీక్ష

24 గడుల కలర్ కార్డు ఒకటి తీసుకోండి. నీడలో, ఒకే వెలుగులో నిలబెట్టండి. షిఫ్ట్ సున్నాలో కార్డు ఫ్రేము మధ్యలో పడేలా ఒక ఫ్రేము, వెంటనే ప్లేటుతో ఒక ఫ్రేము. తర్వాత కెమెరాని తిప్పి, మీరు మామూలుగా వాడే గరిష్ఠ షిఫ్ట్ పెట్టి, కార్డు లెన్స్ ఇమేజ్ సర్కిల్ (లెన్స్ వేసే గుండ్రటి బొమ్మ) అంచు వైపు పడేలా ఒక ఫ్రేము, మళ్లీ ప్లేటుతో ఒకటి. రెండో అంచుకీ ఇలాగే. ఎఫ్/11, బేస్ ఐఎస్ఓ. ఎల్‌సీసీ వేశాక బూడిద గడులన్నీ ఒకే అంకెలకి వచ్చేలా వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ సరిచూసి, అప్పుడు ఎర్ర గడినీ నారింజ గడినీ పోల్చండి. మధ్యలో తీసినదానికీ అంచులో తీసినదానికీ తేడా పక్కపక్కన పెడితే తప్ప తెలియకపోతే ఆ షిఫ్ట్ మీకు క్షేమం. కళ్లకి కొట్టొచ్చినట్టు ఉంటే షిఫ్ట్ 3 మి.మీ. తగ్గించి మళ్లీ తీయండి. ఎక్కడ తేడా మాయమవుతుందో అదే మీ లెన్స్, బ్యాక్ జతకి నిజమైన హద్దు. లెన్స్ కంపెనీ ఇచ్చిన ఇమేజ్ సర్కిల్ అంకె వేరు, ఈ అంకె వేరు.

బూడిద గడులు చూసి సంతోషపడి ఊరుకోవద్దు. బూడిద ఎప్పుడూ బాగానే వస్తుంది.

ప్లేటు: అందరికీ తప్పనిది

ఏ లెన్స్ కొన్నా, ఏ బ్యాక్ కొన్నా షిఫ్ట్ వాడేవాళ్లకి ప్లేటు తప్పదు. కంపెనీ ప్లేటే కావాలని లేదు. వెలుగుతో మెరిసే నేమ్ బోర్డులు చేసే షాపుల్లో అక్షరాల వెనక వేసే పాలరంగు యాక్రిలిక్ షీట్, 3 మి.మీ. మందంది దొరుకుతుంది. లెన్స్ ముందు రిమ్ కంటే రెండు సెంటీమీటర్లు పెద్దగా కోయించుకుంటే చాలు. గరుకుగా ఉన్న ఫ్రాస్టెడ్ షీట్ వద్దు, దాని వెనక ఆకారాలు మసగ్గా కనిపిస్తూనే ఉంటాయి. షీట్ మొత్తం మీద కొంచెం పసుపు ఛాయ ఉన్నా నష్టం లేదు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ చూసేది మధ్యకీ అంచుకీ మధ్య తేడా. ఒకచోట మందంగా ఒకచోట పల్చగా ఉంటేనే ముప్పు. అది తేల్చుకోవడం సులువు. ప్లేటుతో ఒక ఫ్రేము తీసి, ప్లేటుని 90 డిగ్రీలు తిప్పి ఇంకోటి తీయండి. మొదటిదాని ఎల్‌సీసీ రెండోదానికి వేయండి. అంతటా ఒకే బూడిద వస్తే ప్లేటు మంచిది. షీట్ ఎన్ని స్టాపులు తింటుందో కూడా అప్పుడే కొలిచి అంచున మార్కర్‌తో రాసి పెట్టుకుంటే స్పాట్‌లో వెతుక్కోనక్కర్లేదు.

తీసే పద్ధతిలో మారనివి నాలుగు: అపర్చర్, షిఫ్ట్, టిల్ట్ (లెన్స్‌ని వాల్చడం), ఫోకస్. మార్చాల్సింది షట్టర్ స్పీడ్ ఒక్కటే. ప్లేటు రెండు స్టాపులు తింటే, దృశ్యం 1/30లో తీసినప్పుడు ప్లేటు ఫ్రేము 1/8లో తీయాలి. హిస్టోగ్రామ్ గుట్ట మధ్యకీ కుడి కొసకీ నడుమ ఉండాలి. ముందుగా నిండిపోయేది ఆకుపచ్చ ఛానెల్, కాబట్టి మూడు ఛానెళ్లూ విడివిడిగా చూడండి. మధ్యలో ఆకుపచ్చ కొట్టేస్తే సాఫ్ట్‌వేర్ మధ్యభాగాన్ని తప్పుగా కొలిచి ఫ్రేమంతా మెజెంటా పూస్తుంది. తక్కువ ఎక్స్‌పోజ్ చేస్తే ఇంకో తంటా. మూలలు ఎలాగూ 2.7 స్టాపులు కింద ఉంటాయి, అక్కడి నాయిస్ మొత్తం దిద్దుబాటులోకి ఎక్కి కూర్చుంటుంది.

ప్లేటుని రిమ్‌కి ఆనించి పట్టుకోండి, సందు వదిలితే పక్క నుంచి వెలుగు దూరుతుంది. వేళ్లు ప్లేటు వెనక అంచుల్నే పట్టుకోవాలి. అరచేయి నీడ పడితే ఆ నీడ తిరగబడి, దృశ్యంలో తెల్లటి మచ్చగా వస్తుంది. సగం ప్లేటు మీద ఎండ, సగం మీద నీడ ఉంటే అదే కథ. అలాంటప్పుడు ప్లేటు మొత్తానికీ గొడుగుతో నీడ చేసి తీయడం మేలు. లెన్స్ హుడ్ ఉంటే తీసేయండి.

క్యాప్చర్ వన్‌లో ప్లేటు ఫ్రేము ఎంచుకుని లెన్స్ విభాగంలో ఎల్‌సీసీ తయారు చేయమన్నప్పుడు, షిఫ్ట్ చేసే టెక్నికల్ వైడ్ లెన్స్ అని చెప్పే గడి ఒకటి ఉంటుంది. దాన్ని టిక్ చేయండి. తర్వాత దృశ్యం ఫ్రేముకి వేసినప్పుడు మూడు సంగతులు వేర్వేరుగా వాడుకోవచ్చు: రంగు ఛాయ, దుమ్ము, సమమైన వెలుగు. రంగు ఛాయ ఎప్పుడూ ఆన్. దుమ్ము తీసేది బాగా పనిచేస్తుంది. అయితే ప్లేటు ఫ్రేముకీ దృశ్యానికీ మధ్య సెన్సర్ తుడిచి ఉంటే, లేని దుమ్ముని తీయబోయి కొత్త మచ్చలు పెడుతుంది. సమమైన వెలుగు స్లయిడర్‌ని అలవాటుగా 100కి నెట్టేయడం మంచిది కాదు. ఒంటి ఫ్రేములో 60, 70 దగ్గర ఆపితే మూలల్లో నాయిస్ తగ్గుతుంది, కొద్దిపాటి చీకటి కంటికి ఇంపుగానే ఉంటుంది. రెండు మూడు షిఫ్ట్ ఫ్రేములు కలిపి కుట్టేటప్పుడు మాత్రం 100 పెట్టి తీరాలి. లేకపోతే ఆకాశంలో నిలువు చారలు వస్తాయి.

ఏ సాఫ్ట్‌వేర్‌లో?

ఇక్కడ ఎక్కువ ఆలోచించాల్సిన పని లేదు. ఫేజ్ వన్ బ్యాక్‌కైనా, ఫ్యూజీ జీఎఫ్ఎక్స్‌కైనా క్యాప్చర్ వన్. ఎల్‌సీసీ రా ఫైల్‌కి సెట్టింగ్‌గానే ఉంటుంది, ఎప్పుడైనా తీసేయొచ్చు, తగ్గించొచ్చు. పైగా రోడెన్‌స్టాక్, ష్నైడర్ లెన్సులకి షిఫ్ట్ ఎన్ని మిల్లీమీటర్లో చెప్పి డిస్టార్షన్ (తిన్నని గీతలు వంగడం) సరిచేసే వీలుంది. హాసెల్‌బ్లాడ్ బ్యాక్ ఉన్నవాళ్లకి ఆ కంపెనీ ఫోకస్ (Phocus) సాఫ్ట్‌వేర్‌లోనే సీన్ కాలిబ్రేషన్ ఉంది. లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఫ్లాట్ ఫీల్డ్ కరెక్షన్ లైబ్రరీ మెనూలో దొరుకుతుంది. పని బాగానే చేస్తుంది గానీ ప్రతి ఫ్రేముకీ కొత్త డీఎన్‌జీ ఫైల్ పుట్టిస్తుంది. 150 మెగాపిక్సెల్ ఫైళ్లతో రోజంతా పనిచేస్తే డిస్క్ ఎంత మింగుతుందో లెక్కేసుకోండి. ప్లేటు ఫ్రేము దృశ్యం ఫ్రేము పక్కనే ఉండాలని కూడా గుర్తుంచుకోండి, మధ్యలో వేరే ఫ్రేములు దూరితే జతలు తప్పుతాయి. డబ్బు పెట్టకుండా చేయాలంటే రాథెరపీలో ఫ్లాట్ ఫీల్డ్ ఉంది, బ్లర్ రేడియస్ మనమే పెట్టుకోవాలి.

ఫొటోషాప్‌లో ప్లేటు ఫ్రేముని పై లేయర్‌గా పెట్టి డివైడ్ మోడ్ వాడే పద్ధతిని సాధారణంగా వద్దనే చెప్పాలి. అప్పటికే టోన్ కర్వ్ పడిన ఫైల్‌ని భాగిస్తే నీడల్లో ఒక ఛాయ, వెలుగులో ఇంకో ఛాయ మిగులుతాయి. తప్పనిసరైతే రెండు ఫ్రేముల్నీ లీనియర్ కర్వ్‌తో 16 బిట్ టిఫ్‌గా తీసి అప్పుడు భాగించండి. బ్రష్‌తో అంచుల్లో మెజెంటా తగ్గించుకోవడం అంతకంటే అధ్వాన్నం. ఛాయ సరళరేఖలో మారదు, ఆ మార్పుని మీ బ్రష్ పట్టుకోలేదు.

ముందే తీసి దాచిన ఎల్‌సీసీ లైబ్రరీ

ప్రతి ఫ్రేముకీ ప్లేటు తీయడం విసుగే. అందుకని ఇంట్లో ఒకసారి అన్ని షిఫ్టులకీ తీసి దాచుకుందామనిపిస్తుంది. లెక్క చూడండి. పక్కలకి 5, 10 మి.మీ. రెండు వైపులా, పైకి 5, 10, 15, ఒక సున్నా: మొత్తం ఎనిమిది. ఎఫ్/8, ఎఫ్/11 అంటే పదహారు. బ్యాక్‌ని అడ్డంగా, నిలువుగా తిప్పితే సెన్సర్ వరుసల దిశ మారుతుంది, ఛాయ కూడా మారుతుంది, కాబట్టి ముప్పై రెండు. ఇందులో ఇంకా పక్కకీ పైకీ కలిపి చేసే షిఫ్ట్ లేదు, టిల్ట్ లేదు. దుమ్ము సమాచారం ఎలాగూ పనికిరాదు. జనం కదిలే చోట, వెలుగు నిమిషానికోలా మారే చోట బీమాలా ఉంటుంది తప్ప, దీన్నే నమ్ముకోవడం తప్పు. నిలువు, అడ్డం కలిపేసి వాడి రంగు రెట్టింపు చెడగొట్టుకోవడం ఇందులో తరచూ జరిగే పొరపాటు.

సెంటర్ ఫిల్టర్ ఎవరికి?

మధ్యలో చిక్కగా, అంచుల్లో పల్చగా ఉండే బూడిద ఫిల్టర్ ఇది. లెన్స్‌తోపాటే జరుగుతుంది కాబట్టి షిఫ్ట్‌లో కూడా సరిగ్గా పనిచేస్తుంది. ఒకటిన్నర నుంచి రెండున్నర స్టాపుల వెలుగు తింటుంది, ఎఫ్/8 లేదా ఇంకా మూస్తేనే మచ్చ లేకుండా కుదురుతుంది. ఇది వెలుగు తేడాని సరిచేస్తుంది, రంగు ఛాయని కాదు. అంటే ప్లేటుకి బదులు కాదు. సీసీడీ (పాత రకం సెన్సర్) బ్యాక్ ఉన్నవాళ్లకి, అంటే నీడల్ని రెండున్నర స్టాపులు లేపితే నాయిస్ తేలే సెన్సర్లకి, డబ్బుకి తగ్గ విలువ ఇస్తుంది. కొత్త సీమాస్ (సీసీడీ తర్వాత వచ్చిన రకం) బ్యాక్ ఉంటే అవసరం పడదు. ఆ డబ్బు దాచుకోండి.

లెన్స్ మార్చడమా, సెన్సర్ మార్చడమా

కార్డు పరీక్షలో ఎరుపు వెలిసిపోతే ఇక మిగిలినవి ఈ రెండే. ష్నైడర్ డిజిటార్ 35 ఎక్స్‌ఎల్, రోడెన్‌స్టాక్ హెచ్‌ఆర్ డిగారాన్-డబ్ల్యూ 32 మి.మీ. పక్కపక్కన పెట్టుకోండి. రెండింటికీ ఇమేజ్ సర్కిల్ 90 మి.మీ. కాగితం మీద రెండూ 53.4 × 40 సెన్సర్‌కి పక్కకి దాదాపు 13.6, పైకి దాదాపు 16 మి.మీ. షిఫ్ట్ ఇస్తాయి. చేతలో అలా ఉండదు. ష్నైడర్ సిమెట్రికల్, వెనక గాజు సెన్సర్‌కి దగ్గరగా వస్తుంది, కిరణాలు బాగా వాలుగా పడతాయి. రోడెన్‌స్టాక్ రెట్రోఫోకస్, అంటే వెనక గాజు సెన్సర్‌కి దూరంగా ఉండే రకం, కిరణాలు నిటారుగా వస్తాయి, ఛాయ తక్కువ, మూల చీకటి తక్కువ. బదులుగా బరువు, ధర, కొంత డిస్టార్షన్ మోయాలి. ష్నైడర్‌లో గీతలు గీసినట్టు తిన్నగా ఉంటాయి, లెన్స్ జేబులో పట్టేంత చిన్నది, ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది.

సెన్సర్ చరిత్ర ఈ ఎంపికని రెండుసార్లు తిరగేసింది. ఫేజ్ వన్ బ్యాకుల్లో చూస్తే, పీ45+లో పిక్సెల్ 6.8 మైక్రాన్లు, 39 మెగాపిక్సెళ్లు. సిమెట్రికల్ వైడ్ లెన్సులతో బాగానే నడిచేది. పీ65+లో 6 మైక్రాన్లు. ఐక్యూ180లో 5.2కి దిగేసరికి 35 ఎక్స్‌ఎల్ పెద్ద షిఫ్టులకి పనికిరాకుండా పోయింది, జనం 32, 40 రోడెన్‌స్టాక్‌ల వైపు మళ్లారు. ఐక్యూ3 100లో 4.6 మైక్రాన్లు, ముందువైపు తీగలున్న సీమాస్. అక్కడా అదే అవస్థ. 2018లో వచ్చిన ఐక్యూ4 150లో పిక్సెల్ 3.76 మైక్రాన్లే, అయినా సమస్య తగ్గింది. కారణం బీఎస్‌ఐ, అంటే వెనక వైపు నుంచి వెలుగు పట్టే సెన్సర్ నిర్మాణం. తీగలు వెనక్కి పోయి, వెలుగు పట్టే పొర ఫిల్టర్‌కి దగ్గరగా వచ్చింది, ఏటవాలు కిరణం పక్క గుంతలోకి జారడానికి దారి లేకుండా పోయింది. పిక్సెల్ సైజు చూసి భయపడొద్దు, నిర్మాణం చూడండి.

కాబట్టి, సీసీడీ బ్యాక్ లేదా పాత సీమాస్ బ్యాక్ చేతిలో ఉండి దాన్నే ఇంకో ఐదేళ్లు వాడదామనుకుంటే రెట్రోఫోకస్ లెన్స్ కొనండి. ష్నైడర్ ఎక్స్‌ఎల్ లాంటి సిమెట్రికల్ లెన్సులు రెండు మూడు ఇప్పటికే ఉంటే, వాటన్నిటినీ అమ్మి రోడెన్‌స్టాక్‌లు కొనే బదులు బీఎస్‌ఐ బ్యాక్ ఒక్కటి కొంటే మొత్తం సెట్ తిరిగి పనికొస్తుంది. ఐక్యూ4 150 అందకపోతే హాసెల్‌బ్లాడ్ సీఎఫ్‌వీ 100సీ కూడా బీఎస్‌ఐయే, 43.8 × 32.9 మి.మీ. సెన్సర్ చిన్నది కావడంతో 90 మి.మీ. సర్కిల్లో పక్కకి 20 మి.మీ. దాకా జరగొచ్చు. వెడల్పు దృశ్యం మాత్రం కొంత పోతుంది, దాన్ని కుట్టి తెచ్చుకోవాలి. రెండూ కొనగలిగినవాళ్లకి సలహా అక్కర్లేదు.

జీఎఫ్ఎక్స్ బాడీని వ్యూ కెమెరా వెనక తగిలించి ఈ లెన్సులు వాడదామనుకునేవాళ్లకి ఇంకో మెలిక ఉంది. జీఎఫ్ఎక్స్ 100 సెన్సర్ బీఎస్‌ఐ అయినా, మౌంట్ నుంచి సెన్సర్ దాకా 26.7 మి.మీ. లోతు ఉంది. బాగా షిఫ్ట్ చేసినప్పుడు వాలుగా వచ్చే వెలుగుని ఆ మౌంట్ గొంతే అడ్డుకుంటుంది. అక్కడ ఛాయ కాదు, నల్లటి నెలవంక వస్తుంది. సున్నాని ఎంతతో హెచ్చించినా సున్నాయే, ఎల్‌సీసీ వేస్తే ఆ నెలవంకలో నాయిస్ తప్ప ఏమీ రాదు. జీఎఫ్ఎక్స్ మీద 35 కంటే వెడల్పు సిమెట్రికల్ లెన్సుల జోలికి పోకపోవడమే మంచిది. అక్కడ రెట్రోఫోకస్ లెన్స్ తప్ప గతి లేదు.

సెకండ్ హ్యాండ్ ఎక్స్‌ఎల్ కొనేటప్పుడు అమ్మేవాళ్లని లెన్స్ ఫొటోలు కాదు, రా ఫైళ్లు అడగండి. మీ దగ్గరున్న బ్యాక్ మోడల్‌తోనే, ఎఫ్/11లో, సున్నా, 8, 12 మి.మీ. షిఫ్టుల్లో ఒక్కో దృశ్యం, ఒక్కో ప్లేటు ఫ్రేము, మొత్తం ఆరు. దృశ్యంలో ఎర్ర ఇటుక గానీ, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ గానీ అంచు దగ్గర ఉండాలి. ఎల్‌సీసీ వేసి, సున్నా ఫ్రేములోని కుర్చీతో 12 ఫ్రేములోని కుర్చీని పోల్చి, అప్పుడు బేరం మొదలుపెట్టండి.